అంగడి సాయగాండ్రు: పాములపాటి సీమ వర్తకచరిత్రలో వ్రాయని పద్దు

మన వైశ్యుల చరిత్రమును వ్రాసిన పెద్దలు సత్రములను గుఱించి వ్రాసిరి. ధర్మకర్తలను గుఱించి, విద్యార్థి వసతిగృహములను గుఱించి, దేవాలయములకు భూరి విరాళము లిచ్చిన మహాశయులను గుఱించి వ్రాసిరి. మహాసభలు జరిగినప్పుడెల్ల వెలువడు సంచికలలో వారి ఛాయాచిత్రములను చూచి మనము సంతోషించుచున్నాము. అది తగినదే. కాని యంగడి తలుపు తీయుటకు ముందే వచ్చి వాకిలి యూడ్చి, బస్తాలు దించి, కాటా పట్టి, ప్రొద్దు గ్రుంకువేళకు తన కూలిని కొంగున ముడివేసికొని పోయిన మనుష్యులను గుఱించి యీ సంచికలలో నొక్క పుటయైనను మేము చూచి యుండలేదు. వారు మన కులమువారు కారు. ఏఁటి జీతమునకు కుదిరినవారును కారు. పూటకు వచ్చినవారు, పని యున్ననాఁడు వచ్చినవారు. వారు లేక యే చిన్న యంగడియు నడచినది కాదు. వారిని కుదుర్చుకొనుట, నమ్ముట, నిలుపుకొనుట యనునది పెట్టుబడి కూర్చుటకంటెను కష్టమైన విద్యగా నుండెను. ఆ విద్య యెట్లు మాఱుచు వచ్చినదో మేమెఱిఁగిన పాములపాటి సీమ నాధారముగాఁ గొని యిచ్చట కొంత వ్రాయఁదలఁచితిమి.

పాములపాడు నల్లమల కొండలకు పడమట, నందికొట్కూరునకును ఆత్మకూరునకును నడుమ నున్నది. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి నంద్యాల జిల్లాలోనిదైనది. తుంగభద్రపై సుంకేసుల యానకట్ట నుండి బయలుదేఱు కర్నూలు–కడప కాలువ యీ సీమకు జీవనాధారము. మద్రాసు ఇరిగేషను కంపెనీవారు 1860 ప్రాంతములఁ బూనుకొని త్రవ్వించిన యీ కాలువను 1882లో దొరతనమువారు కొనిరి. ఈ కాలమువారికి పాములపాటి మండలమనఁగా బనకచెర్ల నీటి నియంత్రణద్వారములే జ్ఞప్తికి వచ్చును. కాలువ క్రింద వరి, మెట్టలో జొన్న, కొఱ్ఱ, ప్రత్తి, వేరుసెనగ. వేరుసెనగకాయలను మా వైపున బుడ్డలందురు.

ఇంత భూగోళ మేల యనరాదు. చిన్న యంగడికి మనుష్యులెందఱు కావలయునో నిర్ణయించునది యజమానుఁడు కాఁడు, పంట. పుష్యమాఘములలో గింజ యింటికి వచ్చును. రైతు పాతబాకీ తీర్చుటకు ధాన్యము తెచ్చును; బట్టయు బెల్లమును కొనును. ఆ రెండు మూఁడు నెలలు పది యడుగుల యంగడికి సైతము దించుటకొకఁడు, తూచుటకొకఁడు, చెఱుగుటకు నిద్దఱు స్త్రీలు కావలెను. వైశాఖము వచ్చునప్పటికి ఈఁగలు తోలుకొనుటకు యజమానుఁ డొక్కఁడే చాలును. నలుగురికి సంవత్సరము పొడవున జీతమిచ్చు శక్తి చిన్న వర్తకునికి లేదు, కావున పూటమనుష్యులు. మఱియొక చిక్కు గలదు. అంగడికి మనుష్యులు కావలసిన దినములే పొలమునకును వారు కావలసిన దినములు. ఈ పోటీలో సెట్టి పిలుపు ముందా, రెడ్డి పిలుపు ముందా యను ప్రశ్నకు సమాధానమే నమ్మకమైన సాయము యొక్క చరిత్ర మంతయు నని మా యభిప్రాయము.

పూర్వము గ్రామమున నీ ప్రశ్నకు మఱియొక విధమైన సమాధాన ముండెను. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, తలారి మొదలైన పండ్రెండుగురు ఆయగాండ్రు ఏ యొక్క యింటికిని జీతగాండ్రు కారు. ఊరందఱికిని కొంచెము కొంచెముగా పనిచేయువారు. విజయనగరపు రాజుల కాలము నుండి వచ్చిన యేర్పాటిది. దత్తమండలముల కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో 1806లో అనంతపురము నుండి వ్రాసిన నివేదికలో ప్రతి గ్రామమును దన ఆయగాండ్రతోఁ గూడిన యొక చిన్న స్వతంత్ర రాజ్యము వంటిదని వర్ణించెను. నందికొట్కూరు సీమ యప్పటి కింకను కర్నూలు నవాబుల యేలుబడిలోనే యుండెను. అది కుంఫిణీవారి చేతికి వచ్చినది 1839లో. ఆయగానికి కూలి రొక్కముగాఁ గాక కళ్ళములో మేరగా వచ్చెడిది. రాశి కొలుచునప్పుడు ఊరివారందఱి యెదుటను వాని భాగము వేఱుపఱుపఁబడెడిది. ఎవనికెన్ని మానికలు రావలయునో పసిబిడ్డలకును తెలియును. ఆ యేర్పాటున కులపు కట్టు కఠినముగా నుండెననియు, కొందఱి మేర మిక్కిలి స్వల్పమనియు, వెట్టి యను పేరఁ గూలి లేని చాకిరియు నుండెననియు మే మెఱుఁగుదుము; దానిని పొగడుట మా యుద్దేశము కాదు. కాని యందొక గుణము కలదు. పలువురికి కొంచెము కొంచెముగా పనిచేయువానికి రావలసిన దానిని దాచుట యే యొక్కనికిని సాధ్యము కాలేదు. లెక్క బహిరంగము.

అంగడికి మేర లేదు. వర్తకుఁడు కళ్ళమునకు వచ్చునది తన బాకీ కొలిపించుకొనుటకే. కనుక సాయగాని కుదుర్చుకొనుటలో మనవారు తమ దారిని తాము వెదకుకొనవలసి వచ్చెను.

మొదటి దారి బంధువుల పిల్లలు. పేదయైన మేనల్లునో, పినతండ్రి మనుమనినో యింట నుంచుకొని, అన్నము పెట్టి, బట్ట యిచ్చి, పని నేర్పుట. వాఁడు తెల్లవారి లేచి యంగడి యూడ్చును. పదేండ్లకు చిట్టా వ్రాయును. పెండ్లియైన పిదప మఱియొక యూర తానే యంగడి పెట్టును. మన కులపు వర్తకము గ్రామగ్రామమునకు వ్యాపించినది యీ విధముననే. వర్తకులు తమలోఁ దాము ధరలను మాటలాడుకొనుటకు వాడు సంకేతభాషను గుఱించి థర్‌స్టన్ 1909లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసినాఁడు. ఆ భాషను మొదట నేర్చువాఁడు ఈ కుఱ్ఱవాఁడే. వాఁడు తప్పు చేసిన దండన మేనమామ చేతిలోనే యున్నది. పాఱిపోయిన పోవలసినది మరల చుట్టముల యింటికే. వాని నమ్మకమునకు బంధుత్వమే పూచీ. వానికి జీత మొసఁగినట్లు మాత్రము ఏ చిట్టాలోను మాకుఁ గనఁబడలేదు. అంగడి మీఁది ప్రేమతో నేర్చుకొనెనని పెద్దలు చెప్పుదురు. నేర్చుకొన్నవారిలో నొకరిద్దఱిని మేము ముసలితనమున నడిగి చూచితిమి. వారు ప్రేమ మాట యెత్తలేదు, చలికాలపు తెల్లవారుజాములను మాత్రము తలఁచుకొనిరి.

రెండవ దారి బయానా. బరువు మోయువానికిని, కాటా పట్టువానికిని, చింతపండు గింజ తీయు స్త్రీకిని బంధుత్వపు పూచీ లేదు గదా. కాఁబట్టి వానకాలమున, ఇంట గింజ లేనప్పుడు, కొంత రొక్కమో కొన్ని మానికల జొన్నలో ముందుగా నిచ్చి, పంటకాలమున పిలిచిననాఁడు రావలెనని మాట తీసికొనుట. ఇచ్చునప్పు డది దయ. అడుగునప్పు డది బాకీ. పైసా పైసా కూలిలో విఱిచికొన్నను ఏఁటికేఁడు ఆ బాకీ పూర్తిగాఁ దీఱక పోవుటయే దాని ప్రయోజనము. తీఱినచో వాఁడు రెడ్డిగారి పొలమునకుఁ బోవును.

ఈ పద్ధతి మన పల్లెలవారి కల్పన మాత్రమే యనుకొనరాదు. కలకత్తాలోని ఐరోపా వర్తకుల సంఘము తమ పనివారు ముందుగా పైకము తీసికొని పాఱిపోవుచున్నారని మొఱపెట్టుకొనఁగా, 1859లో దొరతనమువారు 13వ చట్టమును చేసిరి. బయానా పుచ్చుకొని పని మానిన చేతిపనివానిని, కూలివానిని మేజిస్ట్రేటు పిలిపించి, పని చేయుమనియో పైకము తిరిగి యిమ్మనియో యాజ్ఞాపింపవచ్చును. ఆజ్ఞను మీఱినచో మూఁడు నెలల వఱకు కఠిన శిక్ష. మాట తప్పిన యజమానునికి మాత్రము కారాగృహము లేదు. మొదట రాజధాని నగరములకై చేయఁబడి పిదప నితర స్థలములకును వ్యాపింపఁజేయ వీలుగా నుండిన యీ చట్టము అఱువదియైదేండ్లకు పైగా నిలిచి, 1925లో చేయఁబడిన మఱియొక చట్టముచే రద్దయ్యెను. పల్లెటూరి సెట్టి యే మేజిస్ట్రేటు కడకును పోయి యుండఁడు. కాని కూలివాని నమ్మకము వాని బాకీలోనే యున్నదను తలంపు మాత్రము చట్టమునందును పల్లెయందును ఒక్కటియే.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతు కఱవు ఈ తలంపునకు మఱింత బలము నిచ్చెను. ఆ కఱవున కర్నూలు జిల్లావలె దెబ్బతిన్న జిల్లాలు మద్రాసు రాజధానిలో మిక్కిలి కొన్ని. 1871 జనసంఖ్యకును 1881 జనసంఖ్యకును పోల్చి చూచినచో జిల్లాలో నాల్గవవంతు జనము తక్కువ. చేతులు తక్కువైనప్పుడు ఉన్న చేతులను కట్టివేయఁ జూతురు. పిదప 1890 ప్రాంతమునకు నంద్యాల మీఁదుగా బెజవాడకు రైలు వచ్చెను. నంద్యాల పెద్ద బజారయ్యెను. ప్రత్తి మిల్లులలో రొక్కపు కూలి దొరకఁ జొచ్చెను. బయానా పుచ్చుకొన్నవాఁడు రైలెక్కి పోవుటయు నప్పటి నుండియే.

ఇఁక మా యింటి మాట. పాములపాటిలో మా పెద్దల యంగడి చిట్టాలు కొన్ని యటక మీఁద మిగిలినవి. ఎలుకలు కొట్టినవి పోఁగా చదువవీలైనవి యిరువదికి లోపు. ఉగాదికి క్రొత్త చిట్టా తెఱచుట మా యింటి యాచారము. ఆ పుస్తకములను చూచిన మా పూర్వుల శ్రద్ధకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. అణా పైసలు తప్పలేదు. అప్పు పుచ్చుకొన్న ప్రతి రైతు పేరును, తండ్రి పేరును, ఊరును వ్రాయఁబడి యున్నవి. ఎద్దుల బండి యద్దె, గోనెసంచుల వెల, దీపపు చమురు, పిల్లికి పాలు సైతము వ్రాయఁబడి యున్నవి. సాయగాండ్రు మాత్రము ‘కాటా మనిషికి’, ‘చెఱుగువారికి’, ‘మోఁతకు’ అను మూఁడు మాటలలో నడఁగి యున్నారు. పేరు లేదు. ఏ పూట వచ్చెనో, ఎంత సేపుండెనో లేదు. మనకు బాకీ యున్నవానికి పుట యున్నది. మనము బాకీ యున్నవానికి పుట లేదు.

దీని ఫలము 1964లో మా తాతగారి కాలమున తెలిసినది. (జేజినాయన యని మేము పిలుచుకొనెడివారము; సంచికకుఁ దగినట్లు తాతగారని వ్రాయుచున్నాము.) వారమునకు రెండు దినములు వచ్చి కాటా పట్టు మనుష్యుఁ డొకఁ డుండెను. పంటకాలమున రోజును వచ్చెడివాఁడు. ఒకనాఁడు బుడ్డల బస్తాలు లెక్కింపఁగా రెండు తక్కువైనవి. అంగడిలో నున్నవారు ముగ్గురు: తాతగారు, చుట్టపు కుఱ్ఱవాఁడు, ఈ కాటామనిషి. మొదటి యిద్దఱిని అనుమానింప వీలులేదు. కావున మూఁడవవాఁడు. వానికి పదునొకండు దినముల కూలి రావలసి యుండఁగా దానిని నిలుపుకొని, ఇఁక రావలదని చెప్పిరి. వాఁడు వాదింపలేదఁట. తలగుడ్డ దులిపి భుజమున వేసికొని పోయెనఁట.

ఉగాదికి లెక్కలు ముగించునపుడు నంద్యాల మండీ నుండి వచ్చిన కాగితమున పది బస్తాలకు బదులు పండ్రెండు ముట్టినట్లున్నది. బండి కెక్కించినపుడు తప్పు లెక్క పెట్టినది మన కుఱ్ఱవాఁడే. తాతగారు వానిని వెదకింపఁ బోయిరి. ఎవరిని వెదకుదురు? చిట్టాలో ‘కాటా మనిషి’ యని తప్ప లేదు. అందఱును వానిని ముద్దుపేరుతోఁ బిలుచుచుండిరి. ఆ పేరువారు ప్రక్క పల్లెలలో పదుగురున్నారు. శ్రీశైలమున 1963లో నెహ్రూ పండితుఁడు శంకుస్థాపన చేసిన యానకట్ట పనులకు పోయెనని యొకరు, కర్నూలునకని యొకరు చెప్పిరి. దొరకలేదు. ఆ యుగాది నాఁటి క్రొత్త చిట్టా మొదటి పుటలో తాతగారి దస్తూరీతో నొక పద్దు గలదు: ‘కాటా మనిషికి ఇయ్యవలసినది రూ. 16-50.’ తరువాతి యేఁటి చిట్టాలోను అదే పద్దు ముందునకు తేఁబడినది. ఆ తరువాతి యేఁటను అంతే. 1978లో తాతగారు కాలము చేసినంతవఱకు ప్రతి యుగాదికిని ఆ పదియాఱు రూపాయల యేఁబది పైసలు పాత చిట్టా నుండి క్రొత్త చిట్టాకు నడచుచునే యున్నవి.

చట్టమేమైనఁ జేసెనా యని యడుగవచ్చును. స్వాతంత్ర్యము వచ్చిన యేఁటనే, 1947లో, మద్రాసు దుకాణముల చట్టము పుట్టెను. అంగడి పనివానికి దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు మించరాదనియు, వారమున కొక సెలవనియు, పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనికిఁ బెట్టరాదనియు, ఆఱు నెలలు పనిచేసినవానిని తగిన కారణము లేక నెల నోటీసైన నెల జీతమైన నీయక తీసివేయరాదనియు విధించినది. మేలైన చట్టమే. దాని స్థానమున ఆంధ్రప్రదేశమున 1966లో నొకటియు, 1988లో మఱియొకటియు వచ్చినవి. కాని నిర్వచనమున నొక చిన్న మాట గలదు: పనివాఁడనఁగా అంగడిలో పూర్తిగానో ప్రధానముగానో పనిచేయువాఁడు. వారమునకు రెండు దినములు వచ్చువాని ప్రధానవృత్తి పొలమా, అంగడియా? పొలమే యని యజమానుఁడు వాదింపవచ్చును. పొలమువాఁడు అంగడి యనవచ్చును. చిట్టాలో లేని మనుష్యుఁడు చట్టమునందును తలుపు వెలుపలనే నిలిచెను. 1948 నాఁటి కనీస వేతనముల చట్టము కొంత మేలు. పనికి సిద్ధముగా వచ్చినవానికి యజమానుఁడు పూర్తి దినము పని చూపలేకపోయినను దినకూలి సాధారణముగా నీయవలసినదే యని యది చెప్పినది. బయానా బాకీ పేరిట మనుష్యుని కట్టివేయుట 1976 నాఁటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టముతో నేరమయ్యెను. అట్టి బాకీలే చెల్లవని ప్రకటింపఁబడెను.

మా యంగడిలో మార్పు తెచ్చినది చట్టము కాదు, నీరు. 1981లో శ్రీశైలపు జలాశయము నిండుటకై కర్నూలు, మహబూబునగరు జిల్లాలలోని సుమారు నూఱు గ్రామములు ఖాళీ చేయింపఁబడినవి. కృష్ణయొడ్డున తాత ముత్తాతల నాఁటి నుండి యున్నవారు సామానులతో, పశువులతో మా వైపు పల్లెలకు వచ్చి చేరిరి. అంతవఱకు పూటమనిషిని కుదుర్చుకొనునపుడు ఎఱిఁగిన రైతో తలారియో ‘నాది పూచీ’ యనవలెను. ముంపు గ్రామమువారికి పూచీ యెవ రుందురు? పూచీ చెప్పఁదగినవారును వారితోడనే నిలువ నీడ లేనివారైరి. చెఱుగుటలో నేర్పు గల యొక విధవరాలు పని యడుగుటకు వచ్చినపుడు మా నాయనగారు మొదట లేదనిరి. రెండవమాఱును లేదనిరి. మూఁడవమాఱు తాతగారి పద్దు జ్ఞప్తికి వచ్చెనో యేమో, ఒక చిన్న పుస్తకము కొనివచ్చి, ఆమె పేరు, పెనిమిటి పేరు, మునిఁగిపోయిన యూరి పేరు వ్రాసి, మఱునాఁటి నుండి రమ్మనిరి.

ఆ పుస్తకపు నియమములను వ్రాయుట యీ వ్యాసమునకు ముఖ్యము. వచ్చిన పూట, పోయిన పూట వ్రాయవలెను. కూలి యానాఁడే యీయవలెను, మిగుల నుంచరాదు, బయానా లేదు. అవసరమునకు చేబదులిచ్చినచో వేఱు పుటలో వ్రాయవలెను. దానికై పనికి రమ్మని యనరాదు. పిలిపించి పని లేదని పంపినచో నానాఁటి కూలి యీయవలెను. రాలేనినాఁడు ముందునాఁడు చెప్పవలెను. తనకు మాఱుగా నెవరినైన పంపవచ్చును, కూలి వచ్చినవారికే. బస్తాల లెక్క ఇద్దఱు కలిసి పెట్టి, ఇద్దఱును గుర్తు వేయవలెను. అన్నిటికంటె మాకు నచ్చినది కడపటిది: ఏరువాకకును కోఁతలకును పొలమునకుఁ బోవుట నాగా కాదు. పూటమనిషికి మన యంగడికి వెలుపల నొక బ్రదుకున్నదని యొప్పుకొనిన నియమ మిది. ఎన్ని దినములు రాదో ముందుగాఁ దెలిసినందున ఆ దినములకు మఱియొకరిని చూచుకొనుట సులభమయ్యెను. అంతకు ముందు బయానా యిచ్చియు కోఁతల కాలమున మనుష్యులు దొరకక తల పట్టుకొనిన నాయనగారు, పుస్తకము వచ్చిన పిదప ఆ మాట యెత్తుట మేము వినలేదు. ఖర్చు పెరుగలేదా యన్నచో, పెరిగినది. పని లేని దినముల కూలి మొదటి యేఁడు నాయనగారికి కంటిలో నలుసువలె నుండెను.

నెల తిరుగకముందే ఆమె యన్నమాట: “సెట్టిగారూ, బుక్కు మీ కాడ్నే ఉంటే నాకేం తెలుస్తాది? నాకూ ఒకటి రాసియ్యండి.” ఆమెకు చదువు రాదు. నాయనగారు కొంత నొచ్చుకొనిరి. ఐనను రెండవ పుస్తకము వచ్చినది. ఆమె దానిని పసుపు డబ్బాలోఁ బెట్టుకొని, బడికిఁ బోవు మనుమరాలిచేత ప్రతి రాత్రియు చదివించుకొనెడిది. మనుమరాలు తప్పులు పట్టెడిది.

తరువాత నిరువదియైదేండ్లకు, 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రధాని మన్‌మోహన్ సింగుగారు ఉపాధి హామీ పథకమును ఆరంభించినపుడు, కూలివాని చేతికే పనిదినముల లెక్క గల జాబుకార్డు నిచ్చిరి. దానిని దేశమంతయు క్రొత్త యని చెప్పుకొనుచుండఁగా మా యింట నవ్వుకొంటిమి. నవ్వుకొనుట కొంచెము గర్వమే, క్షమింపఁదగును. ఈ పథకము వచ్చిన పిదప కూలివారు దొరకుట లేదని మన వర్తక సోదరులు పెక్కుచోట్ల వాపోయిరి. దొరకని దెవరికో విచారించితిమి. పిలిచిననాఁడే తప్ప తక్కిన దినములలో మనిషిని తలఁపని యంగళ్ళకే యెక్కువగా దొరకలేదు.

ఈ సంచికకై వ్రాయవలసి వచ్చినపుడు ఆ మనుమరాలి యింటికిఁ బోయితిమి. ఆమె నంద్యాలలో నున్నది. అవ్వ పుస్తకములు దాఁచి యుంచినది; పసుపు మరకలతో తొమ్మిది. మా పుస్తకములను ప్రక్కనుంచి ఒక మధ్యాహ్నమంతయు పోల్చి చూచితిమి. తొమ్మిదేండ్ల లెక్కలో మూఁడుచోట్ల మాత్రము తేడా వచ్చినది. రెండింట తప్పు మాది. మూఁడవది ఎవరిదో తేలలేదు; ఆ పూట కూలి యిచ్చి వచ్చితిమి.